బిర్చ్ చెట్టు బెరడు కాగితంలా ఎందుకు ఊడుతుంది?

ఉత్తరాఖండ్‌లో గంగోత్రి నుంచి గోముఖ్‌కు నడిచే దారిలో, సుమారు 3,800 మీటర్ల ఎత్తున భోజ్‌బాసా ఉంది. ఒకప్పుడు అక్కడ దట్టంగా పెరిగిన భూర్జ వృక్షాల వల్లే దానికా పేరు. ఇవి హిమాలయాల్లో పెరిగే బిర్చ్ చెట్లు.

వీటిని ఎలా గుర్తుపట్టాలి?

ముందు బెరడు చూడాలి. తెల్లగానో, లేత గులాబీ ఛాయతోనో ఉండి, ఉల్లిపొరల్లా పలుచగా లేస్తుంది. దాని మీద అడ్డంగా సన్నటి గీతలుంటాయి. చెట్టు కాండం గాలి పీల్చుకునేది వీటిగుండానే. ఆకు కోలగా, కొస తేలి, అంచున రంపపు పళ్లతో ఉంటుంది. వసంతంలో కొమ్మలకు పూలగుత్తులు తోకల్లా వేలాడతాయి.

పొరలు ఎందుకు ఊడతాయి?

కాండం లావెక్కేకొద్దీ పైనున్న పాత పొర సాగలేక చిట్లిపోతుంది. అప్పటికే కింద కొత్త పొర సిద్ధంగా ఉంటుంది.

మరి తెలుపెందుకు?

బెరడులోని బెటులిన్ అనే పదార్థం వల్ల. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. దాంతో చలికాలంలో కాండం పగలు వేడెక్కి, రాత్రి గడ్డకట్టి పగిలిపోయే ప్రమాదం తగ్గుతుంది.

ఈ బెరడు నీటికి త్వరగా పాడవదు. అందుకే పూర్వం దీని మీద గ్రంథాలు రాశారు. 1881లో పెషావర్ దగ్గర దొరికిన బఖ్షాలీ గణిత గ్రంథం భూర్జపత్రాల మీదిదే. అందులో సున్నాను చుక్కతో రాశారు.

బెరడు కోసం, వంటచెరకు కోసం నరకడంతో భోజ్‌బాసాలో ఈ చెట్లు బాగా తగ్గిపోయాయి. ఇప్పుడు ఆ ప్రాంతంలో మళ్లీ మొక్కలు నాటుతున్నారు.