గాజుబిళ్ళకు వంపు నేర్పే చేతులు

1781 మార్చి 13న ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో విలియం హెర్షెల్ యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. వృత్తిరీత్యా ఆయన సంగీతకారుడు. టెలిస్కోపు అద్దాన్ని తానే అరగదీసి మెరుగు పెట్టుకున్నాడు. అప్పటి అద్దాలు రాగి, తగరం కలిపి పోతపోసిన లోహపు బిళ్ళలు. ఒకసారి 16 గంటలు అద్దం మీంచి చెయ్యి తీయకుండా పనిచేస్తుంటే, చెల్లెలు కరోలిన్ ఆయన నోటికి ఆహారం అందించింది.

ఇప్పుడు లోహం పోయి గాజు వచ్చింది. పద్ధతి మాత్రం పెద్దగా మారలేదు.

కావలసినవి రెండు గుండ్రటి బిళ్ళలు, కార్బోరండం పొడి, నీళ్ళు. కింద ఉండేది పనిముట్టు, పైది అద్దం. మధ్యలో తడి పొడి వేసి పైబిళ్ళను ముందుకు తోసి వెనక్కి లాగుతారు. ఇదే స్ట్రోక్. పైబిళ్ళ అంచు దాటి బయటికి వచ్చినప్పుడు ఒత్తిడి దాని మధ్యభాగం మీద, కిందిబిళ్ళ అంచు మీద పడుతుంది. అందుకే పైది గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది.

మామూలు స్ట్రోక్ పొడవు అద్దం వ్యాసంలో మూడో వంతు. కొన్ని స్ట్రోక్‌లయ్యాక అద్దాన్ని కొద్దిగా తిప్పాలి, మనిషి బల్ల చుట్టూ ఒక అడుగు జరగాలి. ఇలా దిక్కులు మారుతూ పోతే ఎక్కడ ఎత్తుంటే అక్కడే అరుగుతుంది. ఎటు జరిపినా, ఎటు తిప్పినా ఒకదానికొకటి పూర్తిగా అతుక్కుని ఉండగలిగేవి గోళాకారపు వంపులే. కాబట్టి ఆ ఆకారం దానంతటదే వస్తుంది.

పొడిని క్రమంగా సన్నం చేసుకుంటూ వచ్చాక మెరుగు పెట్టడం మొదలవుతుంది. పనిముట్టు మీద పిచ్ అనే తారులాంటి పదార్థాన్ని పోసి, గళ్ళుగా గాట్లు పెట్టి, సీరియం ఆక్సైడ్ కలిపిన నీళ్ళతో రుద్దుతారు.

అసలు పరీక్ష ఇక్కడే. నక్షత్రపు వెలుగునంతా ఒక్క బిందువుకు చేర్చాలంటే గోళాకారం చాలదు, పరావలయం కావాలి. 6 అంగుళాల వ్యాసం, 48 అంగుళాల నాభ్యంతరం ఉన్న అద్దంలో మధ్య గుంట లోతు సుమారు 1.2 మిల్లీమీటర్లు. ఆ రెండు ఆకారాలకూ అంచు దగ్గర తేడా సుమారు 0.0003 మిల్లీమీటరు!

అంత చిన్న తేడాను తెచ్చేది డబ్ల్యూ స్ట్రోక్. అద్దాన్ని ముందుకూ వెనక్కూ తోస్తూనే పక్కలకు జరుపుతూ డబ్ల్యూ అక్షరం గీసినట్టు నడిపిస్తే మధ్యభాగం మరికాస్త లోతవుతుంది. కొద్ది నిమిషాలు చేసి ఆపాలి. చేతి వేడికి గాజు ఉబ్బుతుంది కనుక చల్లారనిచ్చి పరీక్షించాలి. స్ట్రోక్‌లు మరీ పొడవైనా, పిచ్ మరీ మెత్తగా ఉన్నా అంచు కిందికి వాలిపోతుంది. దాన్ని సరిచేయడం చాలా కష్టం.

పరీక్షకు ఫ్రెంచి శాస్త్రవేత్త లియాన్ ఫూకో 1858లో చూపిన మార్గమే ఆధారం. అద్దం నుంచి తిరిగొచ్చే దీపకాంతిని బ్లేడు అంచుతో కొద్దికొద్దిగా కోస్తే, కంటికి కనబడని ఎత్తుపల్లాలు నీడలుగా తేలతాయి. ఏ స్ట్రోక్ వాడాలో ఆ నీడలే చెబుతాయి.

1920లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో రస్సెల్ పోర్టర్ ఈ విద్యను ఫ్యాక్టరీ ఉద్యోగులకు నేర్పాడు. 1925లో ఒక సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం దాన్ని దేశమంతటా పాకించింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత మఠంలో సన్యాసిగా ఉన్న జాన్ డాబ్సన్, ఓడ కిటికీ గాజుతో అద్దాలు చేసి, తర్వాత వీధిలో దారినపోయేవారికి ఆకాశం చూపించాడు.

కొత్తవారు 6 అంగుళాల అద్దంతోనే, పైన చెప్పిన కొలతతోనే మొదలుపెట్టాలి. ఆ కొలతలో పరావలయం కాస్త తప్పినా చంద్రుడి గుంటలు, శని వలయాలు చక్కగా కనిపిస్తాయి. పొడి మార్చిన ప్రతిసారీ చేతులు, బల్ల, బకెట్ శుభ్రంగా కడగండి. ఒక్క ముతక రేణువు మిగిలినా గాజు మీద గీత పడుతుంది.