వేరుసెనగకాయలపై నీరు చల్లుట – నూనెలో ఆమ్లము పుట్టుట

మన సంఘసభ్యులలో కొందఱు వేరుసెనగకాయలను యంత్రమున వలిపించుటకు ముందు వానిపై నీరు చల్లుట మేము చూచియున్నాము. పెంకు మెత్తబడి పప్పు విఱుగకుండ వచ్చుననియు, తూకము కొంత హెచ్చుననియు వారి తలంపు. ఈ లాభము ఒకనాటిది. దీనివలని నష్టము నూనె మిల్లులో బయలుపడును. అది యెట్లు కలుగునో తెలిపెదము.

గ్లిసరిన్ అను తియ్యని ద్రవమును, కొవ్వు ఆమ్లములును కూడి నూనె యగుచున్నది. ఫ్రాన్సుదేశీయుడగు షెవ్రూల్ అను శాస్త్రజ్ఞుడు 1823లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతిని విశదపఱచెను. ఒక గుంజకు మూడు పశువులను కట్టినట్లు, ఒక గ్లిసరిన్ అణువునకు మూడు ఆమ్లపు అణువులు కట్టుబడియుండును. ఇట్టి కూడికకు ఎస్టరు అని పేరు. ఈ కూడిక యేర్పడునపుడు నీరు వెలువడును. మరల నీరు చేరినచో ఆ కట్టు విడిపోయి ఆమ్లము వేఱగును.

ఎండిన గింజలో ఈ మార్పు మిక్కిలి మెల్లగా జరుగును. కాని మొలకెత్తునపుడు తన నూనెను ఆహారముగా మార్చుకొనుటకై గింజ లైపేజు అను పదార్థమును ఉపయోగించుకొనును. బూజునందును ఇట్టిదే కలదు. తడి తగిలి, పప్పు నలిగి, బస్తాలో వెచ్చబడినచో ఇవి నూనెను విడదీయసాగును.

మిల్లువారు నూనెను శుద్ధిచేయుటకు కాస్టిక్ సోడా నీటిని కలుపుదురు. విడిపోయిన ఆమ్లము సోడాతో గూడి సబ్బగును. 100 కిలోల నూనెలో 5 కిలోల ఆమ్లమున్నచో, ఆ 5 కిలోలును సబ్బులో పోవుటయే గాక, సబ్బు కొంత మంచి నూనెను సైతము వెంటబెట్టుకొని పోవును. ఈ నష్టమును కొనువాడు ధరలో తగ్గించును. వాసనచూచి ఆమ్లమును నిర్ణయింపరాదు. ముక్కవాసన ముఖ్యముగా గాలి సోకుటచే గలుగునది. ఒక గ్రాము నూనెలోని ఆమ్లమును విఱుచుటకు ఎన్ని మిల్లీగ్రాముల కాస్టిక్ పొటాసు పట్టునో ఆ సంఖ్యనుబట్టియే పరీక్షకులు నిర్ణయింతురు.

తడివలన మఱియొక కీడు కలదు. 1960లో ఇంగ్లండునందు బూజుపట్టిన వేరుసెనగపిండి తిని లక్షకుపైగా టర్కీ కోళ్లు చచ్చెను. ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు. అది మనుష్యులకును పశువులకును హానికరము.

కావున కాయలను పలుచగా పఱచి, తేమ నూటికి 8 పాళ్లకు మించకుండునట్లు ఎండబెట్టవలెను. చెవికడ ఆడించినపుడు పప్పు గలగలలాడవలెను. నీరు చల్లరాదు. విఱిగిన పప్పును, బూజుపట్టినదానిని ఏఱివేయవలెను. బస్తాలను నేలపై గాక చెక్కలపై పేర్పవలెను. సందేహము గలవారు అమ్మకమునకు ముందు మచ్చు తెచ్చి మాకు చూపుదురని కోరుచున్నాము.