కుడికాలు మరువని బండి

అమలాపురం నుండి ఓడలరేవుకు పోయే దారి సముద్రాన్ని చివరిదాకా దాచి ఉంచుతుంది. ఇరుప్రక్కల కొబ్బరితోటలు, తోటల నడుమ పంటకాలువలు, మలుపు వెనుక మలుపు. ఊరు సమీపించినకొద్దీ గాలిలో ఉప్పుదనం సోకుతుంది. రోడ్డు అంచున ఇసుక తేలుతుంది. సరుగుడుతోటల హోరేదో, అలల హోరేదో చెవి విడదీయలేదు. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటు ఇది. పేరులోనే ఓడలను నిలుపుకొన్న ఈ పల్లెకు పొరుగున బెండమూర్లంకలో 18వ శతాబ్దాన ఈస్టిండియా కంపెనీవారికి వర్తకస్థానం ఉండేది. నేడు ఓడలరేవున ఓ.ఎన్.జి.సి. వారి తీరకేంద్రమున్నది, ఇంజనీరింగు కళాశాల ఒకటి ఉన్నది. బస్సు కొరకు కాచుకొనే ఓపిక లేని ఉద్యోగికీ విద్యార్థికీ మోటారు సైకిలే వాహనం.

పాత బుల్లెట్టును ముప్పై ఏళ్ళు నడిపిన మనిషి, కుమారుడు కొన్న కొత్త బుల్లెట్టుపై ఈ దారిన బయలుదేరినాడనుకొందాము. రెండింటి పేరూ ఒకటే. టాంకీపై చేతితో గీసే బంగారు గీతలూ ఒకటే. దూరాన నిలిచి చూచినవారికి తాతా మనుమల పోలిక కనిపిస్తుంది. ఎక్కి కూర్చున్నవానికి మాత్రం తేడాలు మొదటి క్షణం నుండే మొదలవుతాయి.

బుల్లెట్టు మన దేశానికి వచ్చినది సైనికుల కొరకు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణంలో దానిని తయారుచేసే కంపెనీ 1955లో మద్రాసు మోటార్సువారితో కలిసింది. మద్రాసు చెంత తిరువొత్తియూరులో కర్మాగారం వెలసింది. తరువాత మాతృసంస్థ ఇంగ్లండులో మూతపడినా, ఇక్కడి కొలిమి ఆరలేదు. 1994లో ఐషర్ సంస్థ దానిని చేపట్టింది. పోత ఇనుప ఇంజనుతో వచ్చిన బండ్లు ఈ శతాబ్దపు తొలి దశాబ్దం వరకు తయారవుతూనే ఉన్నాయి. ఇప్పటి బుల్లెట్టు 2023లో వచ్చినది. దాని ఇంజను అంతకు మూడేండ్ల క్రితం, 2020లో, మరొక నమూనా బండితో లోకానికి పరిచయమైనదే.

పాత బండిని కదిలించడం ఒక చిన్న విద్య. తాళం తిప్పగానే హెడ్‌లైటు పైనున్న ఆంపియరు మీటరు ముల్లును చూడాలి. కిక్కురాడ్డును మెల్లగా నొక్కుతూ పోతే ముల్లు ఒక ప్రక్కకు ఒరుగుతుంది. పాయింట్లు విడివడగానే మధ్యకు వచ్చి నిలుస్తుంది. అప్పుడు ఎడమచేతి వ్రేలితో డీకంప్రెషను మీటను పట్టి, సిలిండరులోని గాలిని కొంత విడిచిపెట్టి, పిస్టనును శిఖరం దాటించి, రాడ్డును మరల పైకి రానిచ్చి, అప్పుడు ఒళ్ళంతా ఒకే ఊపుగా తొక్కాలి. తొందరపడినవాని పిక్కపై రాడ్డు ఎదురుతన్నుతుంది. ఆ దెబ్బ తినని పాత చోదకుడు అరుదు. పుష్యమాసపు ఉదయాన చోక్ ఎంత లాగవలెనో, ఎప్పుడు మూయవలెనో ఏ పుస్తకమూ చెప్పదు. బండి చెబుతుంది, విననేర్చిన వానికి.

కొత్తదానికి కిక్కురాడ్డే లేదు. కుడి బొటనవ్రేలితో సెల్ఫు మీట నొక్కితే చాలు. గాలి ఎంత, పెట్రోలు ఎంత అన్న లెక్కను కొలతలు తీసే చిన్న పరికరాలు చూచుకొంటాయి. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన కాలుష్య నిబంధనల దెబ్బకు కార్బురేటరు ఈ బండ్ల నుండి సెలవు తీసుకొన్నది. ఊరి నిద్ర చెడగొట్టకుండ బండి బయలుదేరుతుంది. ఇది మేలే. అయినా పాత చోదకునికి తన అవసరం కొంత తగ్గినట్లు తోచడం సహజం.

బయలుదేరిన పిదప మొదట తెలిసేది వణుకు లేకపోవడం. దీనికి కారణం లెక్కల తరగతిలోనే దొరుకుతుంది. పాత పిస్టను వ్యాసం 70 మిల్లీమీటర్లు, అది ఎక్కి దిగే ఎత్తు 90 మిల్లీమీటర్లు. విద్యార్థులు గుణించి చూస్తే సుమారు 346 ఘన సెంటీమీటర్లు వస్తాయి. కొత్తది 72, 85.8, అనగా సుమారు 349. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే వేళ పిస్టను సెకనుకు యాభైమారులు ఎక్కి దిగుతుంది. పాత బండిలో ఒక్కొక్క ఎక్కుదిగుడుకు 18 సెంటీమీటర్ల ప్రయాణం, అంటే సెకనుకు 9 మీటర్లు. అంత లోహపు ముద్ద అంత వేగంతో పోయి, ఆగి, వెనుదిరిగితే, దాని ఉలికిపాటు హాండిలుకూ, పాదపీఠానికీ, పళ్ళకూ చేరక ఏమవుతుంది? కొత్త ఇంజనులో దీనికి విరుగుడుగా బరువు కట్టిన మరొక ఇరుసు క్రాంకుకు ఎదురుదిశలో అదే వేగంతో తిరుగుతుంది. ఒకరి కుదుపును మరొకరు మ్రింగుతారు. అమలాపురంలో బయలుదేరి ఓడలరేవులో దిగినవాని అరచేతులు తిమ్మిరెక్కవు. అశ్వబలం పాతదానికి 18, కొత్తదానికి 20 పైచిలుకు. గేర్లు నాలుగుకు బదులు అయిదు. అయితే ఈ అంకెల కంటె ఆ ఎదురు ఇరుసే పెద్ద మార్పు.

శబ్దం గూర్చి వాదించేవారు చాలమంది. పాతదాని దడదడలో టాపెట్ల చప్పుడు, చైను చప్పుడు, సైలెన్సరు గుండెచప్పుడు వేరువేరుగా వినిపించేవి. షెడ్డులో కూర్చున్న మెకానిక్కు వీధిలో పోయే బండిని విని దాని జబ్బు చెప్పగలిగేవాడు. కొత్తది మృదువుగా, ఒకే గొంతుకతో పలుకుతుంది. జబ్బును మీటలోని దీపం చెబుతుంది.

అసలు చిక్కు పాదాలలో ఉన్నది. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి క్రింద, వెనుక బ్రేకు ఎడమకాలి క్రింద. మొదటి గేరు పైకి, మిగిలిన మూడూ క్రిందికి. కొత్తదానికి సర్వం తారుమారు: గేరు ఎడమన, బ్రేకు కుడిన, మొదటిది క్రిందికి, తక్కినవి పైకి. బుద్ధికి ఈ సంగతి ఒక్క నిమిషంలో బోధపడుతుంది. కాలికి బోధపడదు. తిన్నని రోడ్డుమీద పాత చోదకుడు పై గేరు వేయబోయి కుడికాలు నొక్కుతాడు. బండి ముందుకు ఉరకడానికి బదులు బ్రేకు పడి ముక్కు వంచుతుంది. అంతవరకు నవ్వుకొనవచ్చును. కాలువగట్టు మలుపులో కొబ్బరికాయల బండి వెనుకనుండి లేగదూడ ఒకటి అడ్డు వచ్చిందనుకోండి. ముప్పై ఏళ్ళ అలవాటు ఎడమకాలిని శాసిస్తుంది. అది బలంగా నొక్కేది బ్రేకును కాదు, గేరును. బండి ఒక గేరు దిగి మూలుగుతుంది కాని నిలువదు. అలవాటు జ్ఞానం కంటె వేగంగా పనిచేస్తుంది. ఆపదలో వేగమైనదే ముందు వస్తుంది. కావున ఒక ఇంట్లో పాతదీ కొత్తదీ రెండూ ఉంటే, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి నడపడం వేడుక కాదు. కొన్నాళ్ళు జనం లేని దారిన, తక్కువ వేగంతో, ముందు బ్రేకుపై చేయి ఉంచి నేర్చుకోవలసిన పని.

ఆ ముందు బ్రేకు దగ్గర మాత్రం పాతదానిని వెనకేసుకురావడం కష్టం. పాత డ్రమ్ము బ్రేకులు వానలో తడిస్తే ఆరేదాకా బండి వినదు. కొత్తదానికి ముందు 300 మిల్లీమీటర్ల డిస్కు. దానికి తోడు చక్రం బిగుసుకొని జారకుండ కాచే ఏర్పాటు. ఇసుక పరచిన ఓడలరేవు మలుపుల్లో దాని విలువ తెలుస్తుంది. పాత రోజులే మంచివనేవారు శ్రావణమాసపు వానలో ఆ డ్రమ్ములను నమ్మి దిగిన వంతెన వాలును మరచిపోతారు కాబోలు.

ఉప్పుగాలి మాత్రం ఇద్దరినీ సమంగా చూస్తుంది. పాతదాని క్రోముపై తుప్పు మరకలు వేసేది అదే. కొత్తదాని బోల్టులనూ వదలదు. పాతదైతే నాలుగు పానాలతో విప్పి, తుడిచి, నూనె రాచి మరల బిగించుకొనవచ్చును. కొత్తదానిలో విద్యుత్తు తీగ ఒకటి పాడైతే కంపెనీ షెడ్డుకు తీసుకొనిపోక తప్పదు.

సముద్రపుటొడ్డున రోడ్డు ముగిసే చోట అతడు బండి ఆపుతాడు. పాతదానిలో ఇక్కడొక సౌకర్యం ఉండేది: ఏ పైగేరులో ఉన్నా మడమతో ఒక చిన్న మీట నొక్కితే బండి న్యూట్రలుకు వచ్చేది. అలలను చూస్తూనే, తెలియకుండానే, అతని కుడిమడమ ఆ మీట కొరకు వెనుకకు జరుగుతుంది. అక్కడ ఏమీ తగలదు. ఎడమచేయి మాత్రం క్లచ్చును వదలలేదు.