పైవానికీ అసూయే!

అసూయ అనగానే, లేనివాడు ఉన్నవాణ్ణి చూసి కుళ్ళుకోవడమే మనకు గుర్తొస్తుంది. మరి ఉన్నవాడు లేనివాణ్ణి చూసి అసూయపడతాడా? పడతాడు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' నవల చదివితే ఆ సంగతి తెలుస్తుంది.

స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళిన ఉన్నవ వారు అక్కడే ఈ నవల రాశారు. 1922లో అచ్చయింది. అప్పటి మద్రాసు ప్రభుత్వం దీన్ని నిషేధించింది.

కథ మంగళాపురం అనే పల్లెలో జరుగుతుంది. మాలపల్లిలో రామదాసు అనే భక్తుడు. అతని కొడుకు సంగదాసు. ఊళ్ళో మోతుబరి చౌదరయ్య. ఆయన కొడుకు రామానాయుడికి సంగదాసు ప్రాణస్నేహితుడు. కూలి దగ్గర తగాదా వచ్చినప్పుడు సంగదాసు కూలివాళ్ళ పక్షాన నిలిచాడు. చివరికి చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణం విడిచాడు.

ఇది ఒట్టి కూలి తగాదాయేనా? చౌదరయ్యకు భూమి ఉంది, డబ్బు ఉంది, కులం ఉంది. జనం ఆయనకు భయపడి తల వంచారు. సంగదాసుకు ఆ బలమేదీ లేకపోయినా మనసిచ్చి అతని మాట విన్నారు. సొంత కొడుకు కూడా అతని వైపే! మోతుబరి ఓర్వలేనిది అదే.

ఈ కథ మనకు కొత్తది కాదు. సౌలు రాజు. దావీదు గొర్రెల కాపరి. స్త్రీలు దావీదును ఎక్కువగా పొగిడిన నాటి నుండి సౌలు కంటికి నిద్ర లేదు. కొడుకు యోనాతాను దావీదును ప్రేమించాడని, కడకు ఆ కొడుకు మీదే ఈటె విసిరాడు. అసూయకు తన బిడ్డయినా ఒకటే, పరాయి బిడ్డయినా ఒకటే.

సంగదాసు చావుతో కథ ఆగలేదు. అన్న వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడనే పేరుతో ఉన్నవారిని దోచి లేనివారికి పంచాడు. చివరకు జైలు పాలయ్యాడు. తండ్రి రామదాసు మాత్రం పగ పట్టలేదు. అయితే పగ వద్దంటే న్యాయమైన కూలి అడగవద్దని కాదు. బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు పత్రిక చెప్తోంది కదా!

గద్వాల విత్తన పత్తి చేలల్లో, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో కూలికి పోయే కుటుంబాలు మనవే. జీతగాని కొడుకు డిగ్రీ చదివితే, కూలి చేసే అక్క పక్కా ఇల్లు కట్టుకుంటే మాడిపోయే ముఖాలను మనం చూశాం. ఆ చూపు ఎంత బాధపెడుతుందో మనకు తెలుసు.

మరి మన సంగతి? నాలుగెకరాలు కొన్నాక, ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చాక, గుడిలో మనం ముందు కుర్చీలో కూర్చుంటాం. వెనుక చాప మీద కూర్చున్న విధవరాలి బిడ్డ మన బిడ్డ కంటే బాగా పాడితే, మనస్ఫూర్తిగా సంతోషిస్తున్నామా? యోనాతాను తన దుప్పటి తీసి దావీదుకు ఇచ్చాడు. సౌలు ఈటె తీశాడు. ఈ ఆదివారం ఆ బిడ్డ పాడటానికి లేచినప్పుడు మన చేతిలో ఏముందో చూసుకుందాం.