వీధి ఛాయాచిత్రంలో నగర మనఃస్థితి: అడ్డా కూలీల చిత్రణ – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

వీధి ఛాయాచిత్రం మనిషి ముఖంలోనూ భంగిమలోనూ కనిపించే భావాన్ని పట్టుకుంటుంది. ఆ భావానికి కారణమైన జీవితం మాత్రం చట్రం వెలుపలే ఉండిపోతుంది. ఈ పరిమితిని రససిద్ధాంత పరిభాషలో వివరించి, హైదరాబాద్ అడ్డా కూలీల చిత్రణ ఉదాహరణగా ఛాయాచిత్రకారుని సాంకేతిక నిర్ణయాలకూ నైతిక బాధ్యతకూ గల సంబంధాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వీధి ఛాయాచిత్రం, సంచారీభావం, అనుభావం, విభావం, పాలమూరు వలస, అడ్డా కూలీలు.

1. ఉపోద్ఘాతం

తిమ్మాజిపేట నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలోని మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం. వానను నమ్ముకున్న సేద్యం, తరచు వచ్చే కరవు ఆ ఉమ్మడి జిల్లా నుంచి దశాబ్దాల తరబడి వలసలకు కారణమయ్యాయి. గుంపు మేస్త్రీల వెంట దూరప్రాంతాలకు వెళ్లి ఆనకట్టలు, కాలువలు కట్టిన ఈ శ్రామికులకు ‘పాలమూరు లేబర్’ అన్న పేరు స్థిరపడింది. తెల్లవారేసరికి హైదరాబాద్ కూడళ్లలో పని కోసం నిలబడే అడ్డా కూలీలలో ఈ ప్రాంతం వారూ ఉన్నారు. నగర వీధిని చిత్రించే కెమెరాకు వీరు ఎదురుకాక తప్పదు. ఆ చిత్రం వీరి గురించి ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. చారిత్రక నేపథ్యం

1838లో దగేర్ పారిస్ నగరంలోని ఒక రద్దీ వీధిని చిత్రించాడు. పలకపై కాంతి కొన్ని నిమిషాలు పడవలసి ఉండటం వల్ల కదిలే బండ్లు, పాదచారులు చిత్రంలో మాయమయ్యారు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలక నిలిచిన ఒక వ్యక్తి ఆకృతి, దాని పక్కనే పాలిష్ చేస్తున్న మనిషి ఛాయ మాత్రం మిగిలాయి. ఎవరు కనిపించాలో సాధనమే నిర్ణయించిన సందర్భమిది.

హైదరాబాద్‌లో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ (1844–1905) రాజప్రాసాదాలనూ దర్బారులనూ గాజు పలకలపై నిలిపాడు. అక్కడ ఎవరు కనిపించాలన్నది చాలావరకు పోషకుల అభీష్టం. 1925లో లైకా కెమెరా విపణిలోకి వచ్చాక ఛాయాచిత్రకారుడు తేలికైన సాధనంతో జనంలో కలిసి నడవగలిగాడు. ఆన్రీ కార్తియే-బ్రెసాఁ 1952లో వెలువరించిన గ్రంథం ‘నిర్ణాయక క్షణం’ అన్న భావనకు ప్రాచుర్యం తెచ్చింది. నాటి నుంచి ఎన్నిక బాధ్యత సాధనం మీదా, పోషకుని మీదా కాక ప్రధానంగా చిత్రకారుని మీదనే పడింది.

3. అనుభావం చిత్రంలో, విభావం వెలుపల

భరతుడు పేర్కొన్న ముప్ఫైమూడు సంచారీభావాలలో శ్రమ, చింత, ఆవేగం, ఔత్సుక్యం ఉన్నాయి. నగర వీధిలో మనం ‘మూడ్’ అని పిలిచేది ఇటువంటి వచ్చిపోయే భావాల కలయికే. అయితే నాటకంలో ప్రేక్షకుడు విభావాన్ని, అంటే భావానికి కారణాన్ని, ముందే ఎరిగి ఉంటాడు. అందువల్ల అనుభావాన్ని సరిగా గ్రహిస్తాడు. వీధి ఛాయాచిత్రంలో చాలాసార్లు అనుభావం ఒక్కటే దక్కుతుంది. వంగిన భుజాలు కనిపిస్తాయి. ఎండిన బోరు, తీరని అప్పు కనిపించవు. లోపించిన విభావాన్ని ప్రేక్షకుడు తన ఊహతో పూరిస్తాడు. పొరపాటుకు అవకాశం అక్కడే ఉంది.

4. సాంకేతిక నిర్ణయం – అర్థం

ఉదయపు కూడలిని సెకనులో 500వ వంతు షట్టర్ వేగంతో తీస్తే వాహనాలూ మనుషులూ సమానంగా స్తంభించి కనిపిస్తారు. కెమెరాను స్టాండుపై నిలిపి సెకనులో 8వ వంతుకు తగ్గిస్తే వాహనాలు గీతలుగా సాగిపోతాయి. కదలక నిలిచిన కూలీలు స్పష్టంగా మిగులుతారు. నగరపు తొందరా, వారి నిరీక్షణా ఒకే చట్రంలో ఎదురెదురుగా నిలుస్తాయి.

దూరం కూడా అర్థాన్ని మారుస్తుంది. 200 మిల్లీమీటర్ల కటకంతో దూరం నుంచి తీసినప్పుడు ముఖాలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు దగ్గరై ‘గుంపు’గా మారతాయి. 35 మిల్లీమీటర్ల కటకంతో తీయాలంటే మనిషి దగ్గరకు వెళ్లాలి. వెళ్లినప్పుడు మాట్లాడక తప్పదు.

5. చూపులోని అపార్థం

అడ్డా దగ్గర ఆగిన ప్రతి కొత్త మనిషీ కూలీకి ముందుగా పని ఇచ్చేవాడుగానే తోచవచ్చు. కెమెరా వైపు తిరిగిన ఆ చూపులోని ఔత్సుక్యం ఛాయాచిత్రకారుని కోసం కాదు, ఆ రోజు కూలి కోసం. దానిని ‘ఆశ’ అని పేరు పెట్టి ప్రదర్శించడం ఆ మనిషి పొరపాటును సొమ్ము చేసుకోవడమే అవుతుంది. గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 నాటి పుట్టస్వామి తీర్పు, బహిరంగ స్థలంలో ఉన్నంత మాత్రాన వ్యక్తి ఆ హక్కును పూర్తిగా కోల్పోడన్న అవగాహనను కూడా వ్యక్తం చేసింది.

కనుక తాను పని ఇవ్వడానికి రాలేదని ముందే చెప్పడం, అనుమతి అడగడం, కాదంటే కెమెరా దించడం కనీస ధర్మాలు. చిత్రవ్యాఖ్య కూడా ఈ ధర్మంలో భాగమే. ‘అడ్డా కూలీలు, హైదరాబాద్’ అన్న వ్యాఖ్య మనిషిని నగర దృశ్యంలో ఒక వస్తువుగా మిగులుస్తుంది. వారు ఇష్టపడితే ఊరు, చేసే పని, నగరానికి వచ్చిన కారణం చేర్చడం వల్ల లోపించిన విభావం కొంతైనా తిరిగి వస్తుంది.

6. ముగింపు

వీధి ఛాయాచిత్రం నగర మనఃస్థితిని పట్టగలదు. కానీ ఆ మనఃస్థితి మూలం తరచుగా నగరంలో ఉండదు. జడ్చర్ల మీదుగా హైదరాబాద్ చేరే దారికి ఆ చివర, తిమ్మాజిపేట వంటి చోట్ల ఉంటుంది. అందువల్ల ఈ చిత్రాలను అధ్యయనం చేసే పరిశోధకులు కూర్పు, కాంతి, క్షణాలతో పాటు చిత్రవ్యాఖ్యనూ, చిత్రకారుడు నిలిచిన దూరాన్నీ విశ్లేషణలో చేర్చడం అవసరం. చట్రంలో ఉన్న మనిషి ఏ ఊరి నుంచి వచ్చాడన్న ప్రశ్న వేయకుండా ఆ చిత్రాన్ని చదవడం సగం చదవడమే అవుతుంది.