చూసేది కన్నా? మనసా?

పిల్లలూ! ముందు ఒక చిన్న ప్రయోగం చేద్దాం. తెల్ల కాగితం మీద ఎడమపక్క ఒక ఇంటూ గుర్తు వేయండి. దానికి మూడు అంగుళాల దూరంలో, కుడిపక్క, కందిగింజంత నల్లచుక్క పెట్టండి. ఎడమకన్ను మూసుకోండి. కుడికంటితో ఇంటూ గుర్తునే చూస్తూ, కాగితాన్ని చేతిపొడవు నుంచి మెల్లగా ముఖం దగ్గరకు తీసుకురండి. చూపు గుర్తు మీద నుంచి కదలరాదు సుమా! సుమారు అడుగు దూరంలో చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరకు తెస్తే మళ్ళీ కనిపిస్తుంది.

ఇది గారడీ కాదు. కంటి వెనుక, వెలుతురును పట్టే పొర ఒకటి ఉన్నది. ఆ పొర నుంచి మెదడుకు పోయే నాడి బయలుదేరే చోట, వెలుతురును పట్టే కణాలు లేవు. చుక్క నీడ సరిగ్గా అక్కడ పడితే మనకు కనపడదు. ఈ సంగతి 1660లలో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మారియట్ కనిపెట్టాడు.

అసలు వింత ఇంకొకటి. చుక్క పోయినచోట మీకు కంత కనిపించిందా? లేదు. తెల్ల కాగితమే కనిపించింది గదా! చుట్టూ ఉన్న తెలుపుతో మెదడు ఆ చోటును పూడ్చివేసింది. అంటే మనం చూస్తున్నామనుకునే బొమ్మలో కొంత కన్ను తెచ్చినది, కొంత మనసు కల్పించినది.

ఈ రహస్యంతో ఆడుకున్న శిల్పులు మన దక్షిణదేశంలోనే ఉన్నారు. తమిళనాడులో కుంభకోణం దగ్గర దారాసురంలో, 12వ శతాబ్దంలో రెండవ రాజరాజ చోళుడు కట్టించిన ఐరావతేశ్వరాలయం ఉన్నది. అక్కడ ఒక శిల్పంలో ఎద్దు, ఏనుగు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. రెండింటికీ తల ఒక్కటే! ఎద్దు శరీరాన్ని అరచేతితో మూస్తే ఆ తల ఏనుగుది అవుతుంది. ఏనుగు శరీరాన్ని మూస్తే అదే తల ఎద్దుది అవుతుంది. రాయి ఉన్నట్టే ఉన్నది. మరి మారినదేమిటి? మన ఎరుక!

ఐతే ఒకరి ఎరుకలో ఉన్నది మరొకరికి తెలిసేదెట్లా? ఒక పిల్లవాడు మామిడి ఆకుకు గోధుమరంగు వేశాడనుకోండి. "కళ్ళు కనపడటం లేదా?" అని పెద్దలు కసురుకుంటారు. పాపం, వాడు అజాగ్రత్తగా వేయలేదు. కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియదు. ఆడపిల్లలలో కంటె మగపిల్లలలో ఇది ఎక్కువ. వాడు మరొక విధంగా ఎన్నడూ చూసి ఉండడు కనక, తనకు తేడా ఉన్నదని వాడికే తెలియదు. పరమాణు సిద్ధాంతం చెప్పిన ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు జాన్ డాల్టన్‌కు కూడా ఈ లక్షణం ఉన్నది. పెద్దవాడైన తరువాత గాని ఆయన దానిని గుర్తించలేదు. 1794లో తన చూపును గురించి తానే పండితుల సభలో వివరించాడు.

1917లో జపాను వైద్యుడు ఇషిహారా దీనిని కనిపెట్టడానికి కొన్ని బొమ్మలు తయారుచేశాడు. రంగురంగుల చుక్కల నడుమ ఒక అంకె దాగి ఉంటుంది. కొందరికి అంకె కనపడుతుంది, కొందరికి చుక్కలే కనపడుతాయి. ఈ బొమ్మలను ఈనాటికీ కంటి పరీక్షలలో వాడుతున్నారు. చూశారా, ఒకరి లోపలి చూపు ఇంకొకరికి తెలియడానికి బొమ్మ సాధనమయింది!

మనసు రంగులను పూడ్చటమే కాదు, దాచుకుంటుంది కూడా. తోట వైకుంఠం అనే చిత్రకారుడు 1942లో పాత కరీంనగరం జిల్లా బూరుగుపల్లిలో పుట్టాడు. పెద్ద బొట్టు, ముదురురంగు చీర, ముక్కుపుడక, చామనచాయ మేను – ఆయన బొమ్మలలోని తెలంగాణ పల్లె స్త్రీలను ఎక్కడ చూసినా పోల్చుకోవచ్చు. చిన్ననాడు చూసిన తల్లి, ఊరి ఆడవాళ్ళు, ఊరికి వచ్చే నాటకాలలో ఆడవేషం కట్టిన మగవాళ్ళు ఆయన మనసులో నిలిచిపోయారు. ఎన్నో ఏళ్ళకు వాళ్ళే కుంచెలో నుంచి బయటికి వచ్చారు.

మా మోస్రా పిల్లలకైనా, పట్నం పిల్లలకైనా నేను చెప్పే పని ఇది. నలుగురు కూర్చుని, ఒకరిది ఒకరు చూడకుండా, నిరుడు ఆడిన బతుకమ్మను తలుచుకుని బొమ్మ వేయండి. ఒకరు పక్కనుంచి చూసినట్టు గోపురంలా వేయవచ్చు. ఒకరు పైనుంచి చూసినట్టు పూల చుట్లు వేయవచ్చు. ఒకరు బతుకమ్మను చిన్నదిగా వేసి, అమ్మను కాగితం నిండా వేయవచ్చు. ఆడినది ఒకే బతుకమ్మ. తరువాత "నీవు ఇట్లా ఎందుకు వేశావు?" అని ఒకరినొకరు అడగండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లవాడి బొమ్మలో కుండ లోపలి అన్నం కనిపించినా, ఇంటి గోడలోనుంచి తాత కనిపించినా తప్పు పట్టకండి. వాడు కంటికి కనిపించినది కాక, తనకు తెలిసినది వేశాడు. ఆకు రంగు మాటిమాటికీ మారుతుంటే మటుకు కసరక, కంటి వైద్యుడి దగ్గరకు తీసుకుపొండి. బెత్తంతో రంగు మారదు. ఆ లక్షణానికి మందు లేకపోయినా, రంగుపెన్సిళ్ళ మీద పేర్లు రాసి ఇస్తే చాలు, వాడు నిశ్చింతగా బొమ్మలు వేసుకుంటాడు.