కింది పళ్ళు ముందుకొస్తున్నాయా? ఏడేళ్ళకే చూపించండి



డెంటల్ క్యాంపు రిపోర్టులో ‘అండర్‌బైట్’ అన్న మాట కనబడగానే ఇళ్ళలో వినిపించే మాట ఒకటే: “ఇంకా పాలపళ్ళే కదా, అన్నీ ఊడి కొత్తవి వచ్చాక క్లిప్పులు పెట్టిద్దాం.” ఎత్తుపళ్ళ విషయంలో ఆ ఆలోచన చాలావరకు చెల్లుతుంది. అండర్‌బైట్ విషయంలో మాత్రం ఆ ఎదురుచూపే నష్టం చేయవచ్చు.

మామూలుగా నోరు మూస్తే పై ముందు పళ్ళు కింది పళ్ళను బయటి నుంచి రెండు మూడు మిల్లీమీటర్లు కప్పుతాయి, డబ్బా మీద మూతలాగా. అండర్‌బైట్‌లో మూత లోపలికి పోయి డబ్బా అంచు బయటికొస్తుంది. ఇలాంటి పిల్లల్లో కొందరు చపాతీనీ జామకాయనీ ముందు పళ్ళతో కొరకలేక పక్కపళ్ళతో తుంచుతారు. కొందరికి కాలక్రమంలో పళ్ళ అంచులు అరుగుతాయి, కింది ముందు పన్ను దగ్గర చిగురు కిందికి జారుతుంది. తోటి పిల్లలు పెట్టే పేర్ల సంగతి సరేసరి.

ఇంట్లో చూడాలనుకుంటే ఒక చిట్కా. “పళ్ళు చూపించు” అంటే పిల్లలు దవడను ముందుకు తోసి మరీ చూపిస్తారు. నాలుక కొనను అంగిలి వెనక్కి మడిచి, అలాగే వెనక పళ్ళు కలపమనండి. అప్పుడు పక్క నుంచి ఒక ఫోటో తీసుకోండి.

పైకి ఒకేలా కనిపించినా దీని వెనక కారణాలు వేరువేరు. కొందరిలో దవడలు బాగానే ఉంటాయి. ఒకటి రెండు పళ్ళు అడ్డుతగిలి, నోరు మూసేటప్పుడు పిల్లలే దవడను ముందుకు జరుపుతారు. డాక్టరు దవడను మెల్లగా వెనక్కి పట్టినప్పుడు ముందు పళ్ళ అంచులు కలిస్తే చాలావరకు ఈ రకమే. స్ప్రింగులున్న తీసిపెట్టుకునే ప్లేటుతో కొన్ని నెలల్లో సర్దుకోవచ్చు. మరికొందరిలో పై దవడ ఎదుగుదల తక్కువ, లేదా కింది దవడ ఎదుగుదల ఎక్కువ, లేదా రెండూను. దాన్ని తేల్చడానికి తల పక్క నుంచి తీసే సెఫలోగ్రామ్ ఎక్స్‌రే కావాలి. దానిలో రెండు దవడల మధ్య కోణం కొలుస్తారు. మామూలుగా అది సుమారు 2 డిగ్రీలు. అండర్‌బైట్ దవడ ఎముకలదే అయితే తరచు సున్నా కిందికి పోతుంది.

డాక్టరు “ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?” అని అడిగితే నొచ్చుకోకండి. దవడ తీరు వంశంలో దిగుతుంది. యూరప్‌ను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశం చిత్రపటాల్లో తరతరాలుగా అదే గడ్డం కనిపిస్తుంది. తాతగారి పెళ్ళిఫోటో ఉంటే పట్టుకెళ్ళండి, పనికొస్తుంది.

పై దవడ వెనకబడితే వాడేది ఫేస్‌మాస్క్. నుదుటికీ గడ్డానికీ ఆన్చిన చట్రం నుంచి రబ్బరు బ్యాండ్లు పై దవడను ముందుకు లాగుతాయి. ఆ వయసులో పై దవడ ఎముకల అతుకులు ఇంకా గట్టిపడవు కాబట్టే ఇది పనిచేస్తుంది. సాధారణంగా పదేళ్ళ లోపు మొదలుపెడితే మేలు. బ్రిటన్‌లో ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల మీద జరిగి, 2016లో ప్రచురితమైన పరీక్షలో ఆరేళ్ళ తర్వాత చూస్తే, ఫేస్‌మాస్క్ వాడినవారిలో 36 శాతం మందికి, వాడనివారిలో 66 శాతం మందికి ముందుముందు ఆపరేషన్ అవసరమనిపించింది. అంటే అందరికీ తప్పదని కాదు, అందరికీ తప్పిపోతుందనీ కాదు.

అసలు కష్టం రోజుకు 12 నుంచి 14 గంటలు పెట్టుకోవడం. స్కూలుకి పెట్టుకు రానక్కర్లేదు, కానీ సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఉండాలి. స్టడీ అవర్లు, ట్యూషన్ అయ్యి ఎనిమిదింటికి ఇల్లు చేరే పిల్లకి ఆ గంటలు ఎక్కడివి? ఇది మేమూ ఒప్పుకోవాల్సిన మాట. డాక్టరు రాసిన చీటీ క్లాస్ టీచర్‌కు ఇవ్వండి, ఆ కొన్ని నెలలు సాయంత్రం క్లాసులు తగ్గించమని అడగండి. హాస్టల్ పిల్లలైతే వార్డెన్‌కు ముందే చెప్పండి.

వయసు దాటిపోయినవారి సంగతి వేరు. తేడా కొద్దిగా ఉంటే క్లిప్పులతో పళ్ళను సర్దుతారు. ఎక్కువైతే దవడ ఆపరేషనే. కింది దవడ ఎదుగుదల ఆగేదాకా అది చేయరు. అమ్మాయిల్లో కంటే అబ్బాయిల్లో అది ఆలస్యం, కొందరిలో ఇరవై దాకా సాగుతుంది. పన్నెండేళ్ళకే ‘పూర్తిగా సరిచేస్తాం’ అంటే రెండో డాక్టర్ని కూడా అడగడం మంచిది. హైదరాబాద్, విజయవాడల్లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో ఆర్థోడాంటిక్స్ విభాగాలున్నాయి.

ఫేస్‌మాస్క్‌తో సరైన పళ్ళు కూడా యుక్తవయసులో కింది దవడ ఒక్కసారిగా పెరిగితే మళ్ళీ తిరగబడవచ్చు. అందుకే మొదట తీసిన ఫోటో దాచి, ఆరు నెలలకోసారి అదే పక్క నుంచి ఇంకొకటి తీసి, చూపించడానికి వెళ్ళినప్పుడు రెండూ తీసుకెళ్ళండి.